లాడ్జి, ట్రావెల్స్, భోజనం హోటలు: మూడు వెబ్‌సైట్లు పెట్టి లింకులిచ్చుకోవాలా, ఒక్కటే పెట్టుకోవాలా?

తిరుపతిలో ఒకే కుటుంబానికి రెండు మూడు వ్యాపారాలు ఉండడం మామూలే. అన్న లాడ్జి చూసుకుంటాడు, తమ్ముడు నాలుగు కార్లు పెట్టి ట్రావెల్స్ నడుపుతాడు, కింది అంతస్తులో భోజనం హోటలు. చిత్తూరు వైపు పోతే మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ఉన్నవాళ్లకే కల్యాణ మండపమో పెట్రోలు బంకో ఉంటుంది. వీటికి వెబ్‌సైట్లు చేయించుకుందామనుకోగానే ఎవరో ఒకరు ఈ సలహా ఇస్తారు: "ఒక్కోదానికి ఒక్కో డొమైన్ తీసుకోండి సార్. ఒకదాన్నుంచి ఇంకోదానికి లింకులిచ్చేస్తే అన్నీ గూగుల్‌లో పైకొస్తాయి." డొమైన్ ఖర్చు ఏడాదికి వెయ్యి రూపాయల చుట్టుపక్కలే కాబట్టి ఆ మాట వినడానికి బాగానే ఉంటుంది.

మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. మీ వ్యాపారాలన్నిటికీ వచ్చే కస్టమరు ఒక్కడే అయితే ఒక్క సైటు పెట్టండి. కస్టమర్లు పూర్తిగా వేరైతే సైట్లు వేరుగా పెట్టి, మధ్యలో ఒకటి రెండు లింకులు ఇవ్వండి, అంతకు మించి వద్దు. ఊరికొకటి, మాటకొకటి చొప్పున పది సైట్లు పెట్టి గొలుసు కట్టే పని మాత్రం ఎవరు ఎంత తక్కువకు చేసిపెడతామన్నా చేయించుకోకండి. ఎందుకో, ఏది ఎవరికి నప్పుతుందో ఇక చూద్దాం.

సొంత సైటు నుంచి వచ్చే లింకుకు విలువెంత?

1998లో స్టాన్‌ఫర్డ్‌లో గూగుల్ స్థాపకులు లారీ పేజ్, సెర్గీ బ్రిన్ లింకులను బట్టి పేజీకి విలువ కట్టే పేజ్‌ర్యాంక్ లెక్కను వివరించినప్పుడు దాని మూలం ఇది: ఒక పేజీకి ఎన్ని లింకులు వచ్చాయన్నది ఒక్కటే చూడకూడదు, ఆ లింకిచ్చిన పేజీకి ఎంత విలువుందో కూడా చూడాలి. ఆ విలువను అక్కడున్న లింకులన్నిటికీ పంచాలి, పంచేటప్పుడు కొంత కోత పెట్టాలి. వాళ్ల తొలి లెక్కలో వాడిన అంకె 0.85. మీ ట్రావెల్స్ సైటు మొదటి పేజీలో 20 లింకులున్నాయనుకోండి. ఆ లెక్క ప్రకారం అందులో లాడ్జికిచ్చిన లింకు వంతుకు దక్కేది ఆ పేజీ విలువలో నూటికి 4.25 పాళ్లు. ట్రావెల్స్ పేజీకి బయటివాళ్లెవరూ లింకు ఇవ్వకపోతే పంచడానికి దాని దగ్గర పెద్దగా ఏమీ ఉండదు. గూగుల్ ఇప్పుడు చూసే అంశాలు చాలా ఎక్కువ, లింకులు వాటిలో ఒక భాగం మాత్రమే. అయినా ఖాళీగా ఉన్న పేజీ ఇంకో పేజీని పైకి లేపలేదన్న సంగతి మాత్రం మారలేదు.

సొంత సైట్ల మధ్య లింకులంటే ఒకే బోరు నీళ్లను మూడు మళ్లకు తిప్పుకోవడమే. ఏ మడికి ఎంత పారించాలో మీ చేతిలో ఉంటుంది కానీ మొత్తం నీళ్లు పెరగవు. పెరగాలంటే బయటినుంచి రావాలి. తిరుపతిలో లాడ్జికి అలా బయటినుంచి రాదగ్గ లింకులు ఎన్నో ఉన్నాయి. ఎస్వీ యూనివర్సిటీలోనో ఐఐటీలోనో ఐసర్‌లోనో సదస్సు జరిగితే వసతి వివరాల పేజీ ఒకటి ఉంటుంది. పెళ్లి ఫోటోగ్రాఫర్లు తాము పనిచేసిన మండపాల పేర్లు రాస్తారు. యాత్రల గురించి రాసేవాళ్లు తాము దిగిన చోటు చెబుతారు. అలాంటిది ఒక్కటి వచ్చినా, మీరే ఇచ్చుకున్న వంద లింకులకంటే మేలు.

ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఒకటుంది. ట్రావెల్స్ సైటులో 300 పేజీలుండి, ప్రతి పేజీ అడుగున లాడ్జి లింకు పెట్టారనుకోండి. లాడ్జి సైటు తాలూకు సెర్చ్ కన్సోల్‌లో (సైటు యజమానులకు గూగుల్ ఉచితంగా ఇచ్చే లెక్కల సదుపాయం) లింకుల రిపోర్టు తెరిస్తే, లింకులిచ్చిన సైట్ల పట్టికలో ట్రావెల్స్ పేరు పక్కన 300 అని కనిపిస్తుంది. సైటు చేసినవాళ్లు ఆ అంకె చూపించి బిల్లు తీసుకుంటారు. కానీ అది మూడు వందల మంది చెప్పిన మాట కాదు, ఒక్కరే మూడు వందల సార్లు చెప్పిన మాట. ఆ రిపోర్టులో మీరు చూసుకోవాల్సింది మొత్తం లింకులెన్ని అన్నది కాదు, ఎన్ని వేర్వేరు సైట్లు లింకిచ్చాయన్నది. అందులోంచి మీ సొంత సైట్లను తీసేసి ఎన్ని మిగిలాయో లెక్కపెట్టండి. చాలా సైట్లకు ఆ మిగిలిన సంఖ్య ఒక చేతి వేళ్లకు సరిపోతుంది. అసలు పని అక్కడుంది.

పనికిరాకపోతే పోనీ, నష్టమేమిటని అడగొచ్చు. 2012 ఏప్రిల్‌లో గూగుల్ పెంగ్విన్ అనే మార్పు తెచ్చాక, ర్యాంకు కోసమే అల్లిన లింకుల మీద బతికిన సైట్లు పడిపోయాయి. 2016 సెప్టెంబరులో పెంగ్విన్‌ను ప్రధాన లెక్కలోనే కలిపేశారు. అప్పటినుంచి అలాంటి లింకులను ఎక్కువగా లెక్కలోకి తీసుకోకుండా వదిలేస్తున్నారు. అంటే చాలా సందర్భాల్లో మీకు పోయేది ర్యాంకు కాదు, వాటికి పెట్టిన డబ్బు. మరీ బాహాటంగా చేస్తే గూగుల్ మనుషులే చూసి మాన్యువల్ యాక్షన్ అనే శిక్ష వేస్తారు. అది పడితే సెర్చ్ కన్సోల్‌లో నోటీసు కనిపిస్తుంది. లింకులు తీసేసి, పునఃపరిశీలనకు దరఖాస్తు పెట్టుకుని, జవాబు కోసం కాచుకోవాలి. బ్రహ్మోత్సవాల ముందు ఆ గతి పడితే ఆ సీజను పోయినట్టే.

ఒక్క డొమైన్, లోపల ఫోల్డర్లు

లాడ్జి, ట్రావెల్స్, భోజనం హోటలు మూడూ ఉన్నవాళ్లకు మేం చెప్పేది ఇదే. చెన్నై నుంచి వచ్చే యాత్రికుడికి గది కావాలి, శ్రీకాళహస్తికి కారు కావాలి, మధ్యాహ్నం భోజనం కావాలి. ముగ్గురు కస్టమర్లు కారు, ఒక్కడే. లాడ్జి డొమైన్ కిందే ట్రావెల్స్ అని ఒక ఫోల్డరు (డొమైన్ పేరు తర్వాత గీటు పెట్టి రాసే భాగం), భోజనం అని ఇంకో ఫోల్డరు పెట్టుకుంటే, సదస్సు వాళ్లు లాడ్జికి ఇచ్చిన లింకు బలం లోపలి లింకుల ద్వారా ట్రావెల్స్ పేజీలకూ చేరుతుంది. ఒకే సైటు లోపల పేజీ నుంచి పేజీకి ఎన్ని లింకులిచ్చుకున్నా అది లింకుల స్పామ్ (ర్యాంకు కోసం చేసే మోసం) అవదు. విడి డొమైన్లయితే సందేహించాల్సిన పని, ఇక్కడ ధైర్యంగా చేసుకోవచ్చు.

అలాగని ఎలా పడితే అలా ఇవ్వకూడదు. గదుల పేజీలో "రైల్వే స్టేషన్ నుంచి ఎలా రావాలి" అనే పేరా ఉంటే, అక్కడే స్టేషన్ పికప్ పేజీకి లింకివ్వండి. కాణిపాకం కారు పేజీలో "తెల్లవారుజామునే బయల్దేరేవాళ్లకు ముందురోజు గది" అని గదుల పేజీకి లింకివ్వండి. లింకు మీదుండే మాటలు ఆ పేజీలో ఏముందో చెప్పాలి. "ఇక్కడ నొక్కండి" అంటే చదివేవాళ్లకూ గూగుల్‌కూ ఏమీ తెలియదు. "తిరుపతి చౌక లాడ్జి తిరుపతి రూములు" అని మాటలు కుక్కితే చదివేవాళ్లకు చిరాకు. "ఏసీ గదుల అద్దె వివరాలు" అంటే చాలు. ముఖ్యమైన ఏ పేజీకైనా మొదటి పేజీ నుంచి మూడు నొక్కుల్లోపు చేరగలగాలి. ఏ పేజీ నుంచీ లింకు లేని పేజీ సైట్‌మ్యాప్‌లో (గూగుల్‌కు ఇచ్చే పేజీల జాబితా) ఉన్నా అంతంతమాత్రంగానే నడుస్తుంది.

ఖర్చు కూడా చూసుకోండి. మూడు సైట్లంటే మూడు డొమైన్లు, మూడు ఎస్ఎస్ఎల్ సర్టిఫికెట్లు (సైటు భద్రమైనదని బ్రౌజరుకు చూపేవి), మూడు వర్డ్‌ప్రెస్‌లు (సైటు నడిపే సాఫ్ట్‌వేర్), వాటి ప్లగిన్లకు అప్‌డేట్లు. తరచూ చూసేది ఒక్కదాన్నే, మిగతా రెండూ మూలపడతాయి. మూలపడిన వర్డ్‌ప్రెస్‌లోకి దొంగలు దూరి జపనీస్ అక్షరాలతో వేల చెత్త పేజీలు పెట్టేయడం అందరికీ తెలిసిన తంతు. అప్పుడు మీ భోజనం హోటలు సైటు నుంచి లాడ్జికి వచ్చే లింకు చెత్తకుప్ప మధ్యలోంచి వస్తున్నట్టు.

దీనికీ ఒక ఇబ్బంది ఉంది. రేపు ట్రావెల్స్‌ను అమ్మేయాలన్నా, అన్నదమ్ములు వేరుపడాలన్నా ఫోల్డరును విడదీసి ఇవ్వడం అంత సులువు కాదు. భాగాలు పంచుకునే మాట ఇప్పటికే ఇంట్లో నడుస్తుంటే మొదటినుంచీ వేరు డొమైన్ పెట్టుకోవడమే నయం. ర్యాంకు కంటే ఆ స్పష్టతే ముఖ్యం.

సబ్‌డొమైన్

డొమైన్ పేరుకు ముందు ట్రావెల్స్ అనో బుకింగ్ అనో చేర్చి పెట్టేది సబ్‌డొమైన్. ఫోల్డరైనా సబ్‌డొమైనైనా తమకు ఇబ్బంది లేదని గూగుల్ చెబుతూనే ఉంది. 2019 జూన్‌లో ఒక్క సైటు నుంచి పై ఫలితాల్లో మామూలుగా రెండుకు మించి చూపించకుండా మార్పు తెచ్చినప్పుడు కూడా సబ్‌డొమైన్లను సాధారణంగా అసలు డొమైన్‌లో భాగంగానే లెక్కగట్టింది. కాబట్టి సబ్‌డొమైన్లు పెంచి మొదటి పేజీ అంతా ఆక్రమిద్దామంటే కుదరదు.

దీన్ని సాంకేతిక అవసరం ఉంటేనే తీసుకోండి. గదుల బుకింగ్ సాఫ్ట్‌వేర్ వేరే కంపెనీ సర్వరులో నడుస్తుంటే, దాన్ని ఫోల్డరులోకి తేవడం కష్టం, సబ్‌డొమైన్ పెట్టడం తేలిక. అలా పెట్టినప్పుడు సెర్చ్ కన్సోల్‌లో డొమైన్ ప్రాపర్టీగా నమోదు చేసుకోండి. డీఎన్ఎస్‌లో (డొమైన్ పేరు సెట్టింగులు) ఒక టెక్స్ట్ రికార్డు చేరిస్తే సబ్‌డొమైన్లన్నీ ఒకేచోట కనిపిస్తాయి. బుకింగ్ పేజీ మీ డొమైన్ కింద కాకుండా ఆ కంపెనీ డొమైన్ మీదే నడుస్తుంటే, గూగుల్ అనలిటిక్స్ సెట్టింగుల్లో రెండు డొమైన్లనూ చేర్చాలి. చేర్చకపోతే వెతుక్కుంటూ వచ్చి గది బుక్ చేసుకున్న మనిషిని కూడా ఆ కంపెనీ సైటు పంపినట్టు లెక్క చూపిస్తుంది. ఏ పేజీ డబ్బు తెస్తోందో మీకు తెలియకుండా పోతుంది.

వేరువేరు డొమైన్లు, కొద్దిగా లింకులు

చిత్తూరులో మామిడి గుజ్జు ఎగుమతి చేసే ఫ్యాక్టరీ యజమానికి తిరుపతిలో లాడ్జి ఉందనుకోండి. గుజ్జు కొనే విదేశీ కంపెనీ తోతాపురి గుజ్జు బ్రిక్స్ (తీపి పాళ్లు) ఎంత, అసెప్టిక్ డ్రమ్ము ఎన్ని కిలోలు, ఏయే సర్టిఫికెట్లున్నాయి అని చూస్తుంది. లాడ్జికి వచ్చేవాళ్లు వేడినీళ్లు ఎన్నింటి వరకు వస్తాయి, కారు పెట్టుకునే చోటుందా అని చూస్తారు. వీటిని ఒకే సైటులో కలిపితే రెండూ చెడతాయి. వేరు డొమైన్లే సరి.

ఈ రెండిటి మధ్య లింకు ఎక్కడుండాలి? ఫ్యాక్టరీ సైటులో "మా గురించి" పేజీలో యజమానుల వివరాలు చెబుతూ, "తిరుపతిలో మా లాడ్జి" అని పేరుతో ఒక లింకు. లాడ్జి సైటు నుంచి తిరిగి ఒకటి, అదీ అవసరమనిపిస్తేనే. రెండు మూడు సైట్లుండి, అవన్నీ ఒక కుటుంబానివేనని కస్టమరుకు తెలియడం మంచిదనిపిస్తే, అడుగున గ్రూపు పేరుతో చిన్న వరుస పెట్టినా తప్పులేదు. అందులో వ్యాపారం పేరే ఉండాలి, "తిరుపతి బెస్ట్ లాడ్జి" అనే తోక ఉండకూడదు. సైట్ల అడుగున, టెంప్లెట్లలో విరివిగా చల్లిన లింకులను గూగుల్ తన స్పామ్ నియమాల్లో ప్రత్యేకంగా ప్రస్తావించింది. మాటలు కుక్కిన తోక తగిలిస్తే మీరు ఆ వరుసలోకి వెళ్లి కూర్చున్నట్టే. సైట్లు ఐదారు దాటితే ఒక గ్రూపు పేజీ పెట్టి, అన్ని సైట్ల నుంచీ దానికొక్కదానికే లింకివ్వండి.

సొంత లింకులకు నోఫాలో (ఈ లింకును ర్యాంకు లెక్కలోకి తీసుకోవద్దని గూగుల్‌కు చెప్పే గుర్తు) పెట్టాలా అని చాలామంది అడుగుతారు. రెండు మూడు సైట్ల మధ్య, చదివేవాళ్లకు పనికొచ్చే చోట ఇచ్చిన లింకుకు అక్కర్లేదు. నోఫాలో 2005లో వచ్చింది. 2019లో డబ్బు తీసుకుని ఇచ్చిన లింకులకు స్పాన్సర్డ్ అని, వాడకందారులు రాసిన వాటికి యూజీసీ అని మరో రెండు గుర్తులు తెచ్చారు. మీ సైటులో ట్యాక్సీ యాప్ ప్రకటనో, ఇంకొకరి కలంకారీ చీరల దుకాణం లింకో డబ్బు తీసుకుని పెడితే స్పాన్సర్డ్ గుర్తు తప్పనిసరిగా పెట్టండి. మరిచిపోతే అమ్మినవాళ్లకూ కొన్నవాళ్లకూ ఇద్దరికీ చిక్కే.

ఒకే హోస్టింగ్ మీద రెండు సైట్లుంటే గూగుల్ పట్టుకుంటుందేమోనని భయపడి వేర్వేరు ఐపీలు (సర్వరు చిరునామాలు) కొనిపించేవాళ్లున్నారు. రెండు సైట్లు ఒకే ఐపీ మీద ఉండడం నేరం కాదు, వేల సైట్లు అలాగే నడుస్తున్నాయి. దాచాలని చూడడమే అనుమానాన్ని తెస్తుంది. ఆ డబ్బుతో గదుల మంచి ఫోటోలు తీయించండి.

ఊరికొక సైటు, మాటకొక డొమైన్

ట్రావెల్స్ వాళ్లకు ఎక్కువగా అంటగట్టేది ఇదే. తిరుపతి నుంచి కాణిపాకానికి ఒక డొమైన్, శ్రీకాళహస్తికి ఒకటి, చెన్నైకి ఒకటి, వేలూరు గోల్డెన్ టెంపుల్‌కు ఒకటి. అన్నింట్లో అదే కారు ఫోటో, అదే ఫోన్ నంబరు, మారేది ఊరి పేరు ఒక్కటే. ఒక్కోదాని నుంచి మిగతా అన్నింటికీ లింకులు. గూగుల్ వీటిని డోర్‌వే పేజీలంటుంది. ఊళ్లవారీగా డొమైన్లు పెట్టి చివరకు అందరినీ ఒకే చోటికి తోలే పద్ధతిని తన నియమాల్లో ఉదాహరణగానే రాసింది. 2015లో వీటిమీద ప్రత్యేకంగా మార్పు కూడా తెచ్చింది. వెతికే మాటలనే డొమైన్ పేరుగా పెట్టుకుంటే కలిసొచ్చే రోజులు 2012 సెప్టెంబరుతోనే పోయాయి.

అదే పని ఒక్క సైటులో, నిజమైన వివరాలతో చేస్తే బ్రహ్మాండంగా పనిచేస్తుంది. కాణిపాకం పేజీలో సుమారు 70 కిలోమీటర్ల దూరం, చిత్తూరు మీదుగా వెళ్లే దారి, వెయిటింగ్ ఎన్ని గంటల వరకు ఉచితం, ఐదు సీట్ల కారుకూ ఏడు సీట్ల కారుకూ రేటు తేడా, తిరుగు దారిలో ఆగదగ్గ చోట్లు. శ్రీకాళహస్తి పేజీలో రాహుకేతు పూజ చేయించుకునేవాళ్లకు ఎంతసేపు పడుతుందో, అంతసేపూ కారు ఆగితే చార్జీ ఎంతో. రెండు పేజీలనూ పక్కపక్కన పెట్టి ఊరిపేరు మూసి చదవండి. ఏది ఏ ఊరిదో తెలిస్తే అది పేజీ, తెలియకపోతే డోర్‌వే.

ఒక మాట గట్టిగా చెప్పాలి. దేవస్థానం వారిదేనేమో అనిపించే డొమైన్ పేర్లు, అలాంటి రంగులు, గోపురం ముద్రలు పెట్టుకోవద్దు. దర్శనం టికెట్ల పేరుతో భక్తులను మోసం చేసిన నకిలీ సైట్ల మీద టీటీడీ ఫిర్యాదులు చేసి కేసులు పెట్టించింది. దర్శనం, సేవల సంగతి వచ్చినప్పుడు టీటీడీ అధికారిక సైటుకు నేరుగా లింకివ్వండి. దానివల్ల మీ ర్యాంకు పెరగదు. కానీ దూరం నుంచి వచ్చే ముసలివాళ్లు దొంగసైటులో డబ్బు పోగొట్టుకోకుండా ఉంటారు.

ఇతరులతో ఇచ్చిపుచ్చుకోవడం

మీ లాడ్జి నుంచి పక్కవీధి భోజనం హోటలుకు, వాళ్ల సైటు నుంచి మీకు లింకు ఉండడంలో తప్పేమీ లేదు. మీ దగ్గర దిగినవాళ్లను నిజంగానే అక్కడికి పంపుతుంటే సరే. నియమాలు అడ్డుకునేది అతిని: "మీరు నాకిస్తే నేను మీకిస్తాను" అంటూ యాభై మందితో ఒప్పందం, "మా మిత్రులు" పేరుతో లింకులు తప్ప ఇంకేమీ లేని పేజీ. డొమైన్ అథారిటీ 50 ఉన్న సైట్ల నుంచి నెలకు ఇన్ని లింకులు అని అమ్మే ప్యాకేజీలు కూడా ఈ కోవలోవే. డొమైన్ అథారిటీ అనేది మోజ్ అనే సంస్థ సొంత అంచనా, గూగుల్ లెక్క కాదు. 2024 మార్చిలో గూగుల్ గడువు తీరిన పాత డొమైన్లను కొని వాటి పేరును వాడుకోవడాన్ని కూడా స్పామ్ జాబితాలో చేర్చింది. ఆ ప్యాకేజీల్లో చాలావరకు సరుకు అలాంటి డొమైన్లదే.

తెలుగు, తమిళం, కన్నడ, ఇంగ్లిష్

మన దగ్గరకు వచ్చేవాళ్లలో తమిళులు, కన్నడిగులు ఎక్కువ. అందుకని భాషకొక డొమైన్ కొనకండి. ఒకే డొమైన్‌లో భాషకొక ఫోల్డరు పెట్టి, హెచ్‌రెఫ్‌లాంగ్ ట్యాగులతో (ఏ పేజీ ఏ భాషదో గూగుల్‌కు చెప్పే గుర్తులు) కలపండి. సంబంధమున్న పేజీల మధ్య లింకులు పరస్పరం ఉండి తీరాల్సిన చోటు ఇదొక్కటే. తెలుగు గదుల పేజీ తనను తాను, తమిళ, కన్నడ, ఇంగ్లిష్ పేజీలను చూపించాలి, ఆ మూడూ తిరిగి తెలుగు పేజీని చూపించాలి. తమిళ పేజీ తిరిగి చూపించకపోతే ఆ జత లెక్కలోకి రాదు. ఎక్కువగా చెడేది ఇక్కడే: కొత్త తమిళ పేజీ చేర్చి, పాత తెలుగు పేజీలో ట్యాగు చేర్చడం మరిచిపోతారు. ఇంకో పొరపాటు, వచ్చినవాళ్ల ఊరు చూసి భాషను బలవంతంగా మార్చడం. పేజీలు చదివే గూగుల్ ప్రోగ్రాం గూగుల్‌బాట్ ఎక్కువగా అమెరికా నుంచి వస్తుంది. దానికి ఎప్పుడూ ఇంగ్లిష్ పేజీలే కనిపించి, తమిళ పేజీలు చూడకుండానే పోతుంది. భాష మార్చుకునే బొత్తాం పైన కనిపించేలా పెట్టి, ఎంచుకోవడం వాళ్లకే వదిలేయండి.

ఇప్పటికే మూడు సైట్లుంటే

కలిపేయాలనుకుంటే తొందరపడకండి. ఎండాకాలం సెలవులు, బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి దగ్గర పడుతుండగా మొదలుపెట్టొద్దు. చిన్న సైటుకైనా గూగుల్ మార్పును పూర్తిగా గుర్తించడానికి కొన్ని వారాలు పడుతుంది, ఆలోగా ర్యాంకులు అటూఇటూ ఊగుతాయి. మూడింటినీ ఒకేసారి కలపకుండా ఒకదాన్ని కలిపి, అది కుదుటపడ్డాక రెండోది పట్టుకోండి.

ముందు పాత సైట్ల సెర్చ్ కన్సోల్ నుంచి 16 నెలల లెక్కను దించుకోండి, అంతకుమించి అది దాచదు. లింకుల రిపోర్టు కూడా దించుకోండి. ఒక షీటులో ఎడమ వరుసలో పాత పేజీల చిరునామాలన్నీ, కుడి వరుసలో వాటికి సరిపోయే కొత్త పేజీలు రాయండి. పాత కాణిపాకం పేజీకి కొత్త కాణిపాకం పేజీ, పాత రేట్ల పేజీకి కొత్త రేట్ల పేజీ. బద్ధకించి అన్నిటినీ కొత్త మొదటి పేజీకి తోలేస్తే, గూగుల్ వాటిని లేని పేజీల కింద జమకట్టొచ్చు, పాత లింకుల విలువ గాలికిపోతుంది. సరిపోయే పేజీ లేకపోతే ఒకటి రాయండి, రాయదగ్గదేమీ లేదంటే 404 (పేజీ లేదన్న జవాబు) చూపనివ్వండి.

కొత్త పేజీలు సిద్ధమయ్యాక సర్వరు స్థాయిలో 301 రీడైరెక్టులు (పాత చిరునామాకు వచ్చినవాళ్లను శాశ్వతంగా కొత్తదానికి పంపే ఏర్పాటు) పెట్టండి. సీప్యానెల్ హోస్టింగ్‌లో అయితే హెచ్‌టీయాక్సెస్ ఫైలులో పెడతారు. 302 పెడితే తాత్కాలికమని అర్థం. పాత చిరునామా నుంచి ఇంకో పాత చిరునామాకు, అక్కడినుంచి కొత్తదానికి అంటూ గొలుసు కట్టకుండా ఒకే దూకులో చేరేలా చూడండి. కొత్త పేజీ కెనానికల్ ట్యాగు (అసలు పేజీ ఏదో గూగుల్‌కు చెప్పేది) దాని సొంత చిరునామానే చూపాలి. పాత సైటు నుంచి కాపీ చేసినప్పుడు పాత చిరునామా అలాగే ఉండిపోవడం తరచూ జరుగుతుంది. అప్పుడు రీడైరెక్టు ఒకవైపు, కెనానికల్ ఇంకోవైపు లాగుతాయి. సెర్చ్ కన్సోల్‌లోని చిరునామా మార్పు సదుపాయం డొమైన్ మొత్తంగా ఇంకో డొమైన్‌కు మారేవాళ్ల కోసం ఉంది. ఫోల్డరులోకి మారేవాళ్లకు ఈ 301లే ఆధారం.

పాత డొమైన్‌ను వదిలేయకండి. రీడైరెక్టులు కనీసం ఒక ఏడాది ఉంచమని గూగుల్ చెబుతుంది, మేమైతే ఏటా వెయ్యి కట్టి ఎప్పటికీ ఉంచుకోమంటాం. గడువు దాటిపోతే దాన్ని ఎవరో కొని జూదం సైటు పెడతారు, మీ పాత విజిటింగ్ కార్డు చూసి టైపు చేసినవాళ్లు అక్కడ తేలతారు. పాత డొమైన్ మీద ఎస్ఎస్ఎల్ కూడా నడుస్తూ ఉండాలి. అది గడువు తీరితే రీడైరెక్టు జరగకముందే బ్రౌజరు ఎర్ర హెచ్చరిక చూపించి కస్టమరును ఆపేస్తుంది. రీడైరెక్టు బాగానే ఉందనుకుని ఎవరూ దీన్ని చూసుకోరు.

అదే వారంలో గూగుల్ బిజినెస్ ప్రొఫైల్, జస్ట్‌డయల్, గదులు బుక్ చేసే యాప్‌లు, ఫేస్‌బుక్ అన్నింట్లో వెబ్‌సైటు చిరునామా మార్చండి. బిజినెస్ ప్రొఫైల్‌ను తేలిగ్గా తీసుకోవద్దు. "అలిపిరి దగ్గర రూములు" అని వెతికినవాళ్లకు ముందు కనిపించేది మ్యాపు. అక్కడ సరిపోలిక, దూరం, పేరుప్రతిష్ఠ చూస్తారు. రివ్యూలు, బయటి సైట్ల లింకులు ఈ మూడోదానిలోకి వస్తాయి. లాడ్జికీ ట్రావెల్స్‌కీ ఒకే ప్రొఫైల్ వాడొద్దు, వెబ్‌సైటు ఒకటే అయినా ప్రొఫైళ్లు వేరుండాలి. ట్రావెల్స్ ప్రొఫైల్‌లో మొదటి పేజీ కాకుండా ట్రావెల్స్ ఫోల్డరు చిరునామా ఇవ్వండి.

సైట్లు విడిగానే ఉంచుకోవాలనుకునేవాళ్లకు పని తక్కువ. తిరుమల చరిత్ర, చుట్టుపక్కల గుళ్ల వివరాలు అన్ని సైట్లలోనూ ఒకే రాతగా ఉంటే ఒకచోట ఉంచి, మిగతా చోట్ల తీసేయండి, లేదా కెనానికల్‌తో అసలుదాన్ని చూపించండి. ఒకే రాత మూడుచోట్ల ఉన్నందుకు శిక్షేమీ పడదు. కానీ చూపించేది ఒకదాన్నే, అది మీరు కోరుకున్నది కాకపోవచ్చు. ప్రతి పేజీ అడుగునా ఉన్న మాటలు కుక్కిన లింకులు తీసేసి, వ్యాపారం పేరుతో ఒకటి ఉంచండి. డిసవో పట్టిక (ఫలానా లింకులను లెక్కలోకి తీసుకోవద్దని గూగుల్‌కు పంపే జాబితా) పంపాలని ఎవరైనా తొందరపెడితే, మాన్యువల్ యాక్షన్ పడిందా అని ముందు చూడండి. పడకపోతే దాని జోలికి పోవాల్సిన అవసరం చాలా అరుదు. పొరపాటున మంచి లింకులు కూడా అందులో రాసి పంపి నష్టపోవడమే ఎక్కువ.

పని ఎవరికైనా అప్పగించే ముందు మూడు విషయాలు కాగితం మీద రాయించుకోండి. కొత్త లింకులు ఏయే సైట్ల నుంచి వస్తాయో పేర్లతో జాబితా. సెర్చ్ కన్సోల్‌లో ఓనర్ హక్కు మీ మెయిల్‌కే ఉంటుందని. డొమైన్లు మీ పేరు మీద, మీ ఫోన్ నంబరుతో రిజిస్టరు అవుతాయని. మూడోది దాటేసినవాళ్లు ఏడాది తర్వాత రెన్యువల్ కోసం సైటు చేసినవాళ్ల ఇంటి చుట్టూ తిరగాల్సి వస్తుంది, డొమైన్ వాళ్ల పేరు మీద ఉంటే 301 కూడా వాళ్ల దయ మీదే.